ఉప్పునీళ్లు పడితే నేను మోసపోయినట్టేనా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు, ఊరు వేసినా పర్వాలేదన్నారు. వయసు 41. భర్తతో కలిసి చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నారు. తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం. చదువు తొమ్మిదో తరగతి దాకా, అదీ ఒడియా మీడియంలో. తెలుగు అక్షరాలు వాళ్ల నాన్న ఇంట్లో పలక మీద దిద్దించారట. "తప్పులుంటే సరిచేసుకుని చదవండి టీచరుగారూ" అని మొదట్లోనే రాశారు. తప్పులు పెద్దగా లేవు.

ఆవిడ కష్టం ఇది. 14 నెలలుగా కుడి మోచేతికి బయటివైపు, ఎముక తేలి ఉండే చోట నొప్పి. అట్టు తిరగేస్తే నొప్పి, బల్లలు తుడిచిన గుడ్డ పిండితే నొప్పి, పట్టకారుతో టీ గిన్నె ఎత్తితే మరీ నొప్పి. ఒకరోజు మరుగుతున్న టీ గిన్నె పట్టు జారి గట్టు మీద ఒరిగింది. పక్కనే చిన్నమ్మాయి నిలబడి ఉంది. పిల్లకి ఏమీ కాలేదు కానీ, ఆవేళ నుంచి ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. డాక్టరు టెన్నిస్ ఎల్బో అన్నారు. ("నేను జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టుకోలేదండీ.") మొదటి స్టెరాయిడ్ ఇంజక్షన్‌కి నొప్పి మంత్రం వేసినట్టు పోయింది. నెలన్నరకి తిరిగొచ్చింది, ముందుకంటే ఎక్కువగా. రెండోది వేయించుకుని రెండు నెలలైంది. అది మూడు వారాలే పనిచేసింది. ఇప్పుడు రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటేగానీ పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నారు.

ఆవిడ మరిది విశాఖపట్నంలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాడు. అక్కడి ఒక ఆసుపత్రిలో ఇలాంటి మోచేతి నొప్పికి ట్రయల్, అంటే ఒక వైద్యం పనిచేస్తుందో లేదో మనుషుల మీద చేసి చూసే పరీక్ష, జరుగుతోందని అతనే చెప్పాడు. మొత్తం 80 మందిని తీసుకుంటారు. సగం మందికి వాళ్ల రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, అందులోంచి వచ్చిన పసుపు ద్రవాన్ని మోచేతిలోకి ఎక్కిస్తారు. మిగతా సగం మందికి ఉత్త సెలైన్, అంటే ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో ఏడాది దాకా చెప్పరు. వ్యాయామాలు మాత్రం అందరికీ నేర్పుతారు. ఏడాదిలో ఆరుసార్లు విశాఖ వెళ్లాలి. రైలు ఛార్జీ, దాని మీద రోజుకి 500 రూపాయలు ఇస్తారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఫోన్లో అడిగిన ప్రశ్నల్లో "గత ఆరు నెలల్లో మోచేతికి ఇంజక్షన్ ఏదైనా తీసుకున్నారా?" అన్నది ఒకటి. ఫోన్ స్పీకర్లో ఉంది. ఈవిడ నోరు తెరిచేలోగా పక్కనున్న మరిది "లేదండీ" అనేశాడు. తర్వాత "చెప్తే తీసుకోరు వదినా, ఊరుకో" అన్నాడు. భర్త "ఊరికే వచ్చే వైద్యం, పోయేదేముంది" అంటున్నారు. అత్తగారు "మనుషుల మీద ప్రయోగాలు చేస్తారు, వెళ్లొద్దు" అంటున్నారు. ఇద్దరూ కాగితాలు చదవలేదు. ఈవిడ తొమ్మిది పేజీలూ చదివారు, అర్థం కాలేదు. తీసుకెళ్లి దేవుడి గూట్లో మజ్జిగౌరమ్మ పటం వెనక పెట్టారు. వచ్చే నెల రెండో వారంలో సంతకం.

"వెళ్లాలా, వద్దా? ఉప్పునీళ్లు పడితే నేను మోసపోయినట్టేనా? ఆ ఇంజక్షన్ మాట చెప్పనా, మాననా? చెప్తే మా మరిది మొహం ఎలా చూడను? హోటల్ అప్పుకి జామీను ఉన్నది అతనే."

అమ్మా,

ముందు నా సంగతి చెప్పాలి. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక ఆరేళ్లు ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో కూర్చున్నాను. ట్రయల్ ఏది మొదలుపెట్టాలన్నా ముందు అలాంటి కమిటీ ఒప్పుకోవాలి. అందులో కనీసం ఏడుగురుండాలి. డాక్టర్లు, చట్టం తెలిసినవాళ్లతో పాటు వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండి తీరాలని నిబంధన. ఆ మామూలు మనిషిని నేను. "ఇది నాకు అర్థం కాలేదు" అనడమే నా పని. ఆరేళ్లలో ఆ మాట అనాల్సినన్నిసార్లు అనలేదని మీ ఉత్తరం చదివాక అనిపించింది.

ఎందుకంటే మీ పెద్దమ్మాయి ఫొటోలు తీసి పంపిన ఆ పేజీలు చూశాను. "యాదృచ్ఛిక కేటాయింపు" అని ఉంది. "స్నాయువు క్షీణత" అని ఉంది. "ప్రతికూల సంఘటనలు సంభవించిన పక్షంలో" అని ఉంది. మీకు తెలుగు సరిగా రాక అర్థం కాలేదనుకుంటున్నారు. కాదు. ఆ తెలుగు ఏ ఇంట్లోనూ మాట్లాడరు. ఇంగ్లీషు కాగితాన్ని పక్కన పెట్టుకుని, నిఘంటువు చూసి దించేసిన తెలుగు అది. మీ పక్క జిల్లా పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు, జనం మాట్లాడే తెలుగులోనే రాయండని పోరాడి వందేళ్లు దాటింది. ఆసుపత్రి కాగితాల దాకా ఆ మాట ఇంకా చేరలేదు. ఇలాంటి కాగితాలకి చేయెత్తి ఒప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ మాటల్లో మొదటిదానికి చీటీ తీసినట్టు అని అర్థం. ఎవరికి రక్తం ఇంజక్షన్, ఎవరికి ఉప్పునీళ్లు అన్నది డాక్టరు ఎంచరు, కంప్యూటరు చీటీ తీస్తుంది. మూడోది, ఏదైనా తేడా చేస్తే అని. రెండో మాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ నొప్పంతా అందులోనే ఉంది కనుక.

మనం నొప్పి పుట్టిన ప్రతిదాన్నీ నరం అనేస్తాం. నరం పట్టేసింది, నరం లాగేసింది అంటాం. ఇది నరం కాదు. కండని ఎముకకి కట్టి ఉంచే తాడు. డాక్టర్లు టెండన్ అంటారు, మీ కాగితంలో స్నాయువు అన్నది దీన్నే. మణికట్టుని వెనక్కి వంచే కండల తాళ్లన్నీ మోచేతి బయటి ఎముక దగ్గరికొచ్చి ముడిపడతాయి. అరచెయ్యి కిందికి పెట్టి, పట్టకారు బిగించి, నిండు గిన్నె ఎత్తినప్పుడు ఆ బరువు లాగేది ఆ ముడినే. గుడ్డ పిండినా అంతే. టెన్నిస్ ఆడేవాళ్ల పేరు పెట్టారుగానీ, ఈ నొప్పి పడేవాళ్లలో ఎక్కువమంది గుడ్డలు పిండేవాళ్లు, సుత్తి పట్టేవాళ్లు, గరిటె తిప్పేవాళ్లే. మొదట్లో దీన్ని వాపు అనుకునేవారు. ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూస్తే వాపు ఆనవాళ్లు పెద్దగా లేవు. తాడు పోగులే నలిగి, చిక్కుపడి, సరిగ్గా మానక ఉన్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ దీని మీద ఎందుకు నిలవదో ఇక్కడే కొంత తెలుస్తుంది.

మీ రెండు ఇంజక్షన్ల కథ మీ ఒక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 165 మంది టెన్నిస్ ఎల్బో రోగులతో చేసిన ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. చీటీ తీసి కొందరికి స్టెరాయిడ్, కొందరికి ఉత్త సెలైన్ వేశారు. మొదటి వారాల్లో స్టెరాయిడ్ నొప్పి తగ్గిస్తుందని మీకు తెలిసిందే. ఏడాది తిరిగేసరికి లెక్క మారిపోయింది. కోలుకున్నాం, లేదా చాలావరకు తగ్గింది అన్నవాళ్లు స్టెరాయిడ్ వైపు నూటికి 83 మంది, సెలైన్ వైపు 96 మంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టినవాళ్లు స్టెరాయిడ్ వైపు నూటికి 54 మంది, సెలైన్ వైపు 12 మంది.

ఇప్పుడు మీ ప్రశ్న మీరే మళ్లీ చదువుకోండి. ఆ 165 మందిలో ఉప్పునీళ్లు పడ్డవాళ్లే మంచి చోట ఉన్నారు. చీటీ తీసిన రోజున "అయ్యో, నాకు అసలు మందు పడలేదేమో" అని దిగులుపడ్డవాళ్లు కూడా వాళ్లలో ఉండే ఉంటారు. ఏది మేలో ముందే తెలిస్తే చీటీ తీయాల్సిన పనే లేదు.

ఉప్పునీళ్లలో ఏదో మహిమ ఉందని కాదు నేననేది. టైమిచ్చి, చేతిని కాస్త చూసుకుంటే ఈ నొప్పి చాలామందికి దానంతటదే తగ్గుతుంది. 2002లో నెదర్లాండ్స్‌లో 185 మందితో చేసినదాంట్లో, "జాగ్రత్తగా ఉండండి, వేచి చూద్దాం" అని చెప్పి పంపినవాళ్లే ఏడాదికి నూటికి 83 మంది బాగుపడ్డారు. ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లు 91 మంది, స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లు 69 మంది. మీది ఏడాది దాటిన నొప్పి. రెండుసార్లు స్టెరాయిడ్ పడింది. పైగా ఆ చేతికి ఒక్కరోజు కూడా సెలవు దొరకలేదు. కాబట్టి ఈ లెక్క మీకు అచ్చంగా సరిపోతుందని అనను. నొప్పికీ ట్రయల్‌కీ మధ్య ఇరుక్కుపోయానని, ఇదొక్కటే దారని మాత్రం అనుకోకండి.

ఇక ఆ పసుపు ద్రవం. దాన్ని పీఆర్పీ అంటారు. రక్తాన్ని గిరగిరా తిప్పితే ఎర్ర కణాలు అడుక్కి దిగుతాయి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని పైనుంచి తీసుకుంటారు. దెబ్బ తగిలిన చోట మాన్పే పని మొదలుపెట్టేవి ప్లేట్‌లెట్లే కనుక, నలిగిన తాడులోకి వాటిని పంపితే అదీ మానుతుందని ఆశ. ఆలోచన బాగుంది. ఫలితాలే తలో దారిన ఉన్నాయి. 2010లో నెదర్లాండ్స్ వాళ్లే, మడమ వెనక తాడు నొప్పి ఉన్న 54 మందికి సగం సగంగా పీఆర్పీ, సెలైన్ వేసి, ఇద్దరిచేతా వ్యాయామాలు చేయించారు. 24 వారాలకి, నూటికి వేసే మార్కుల్లో పీఆర్పీ వాళ్లకి 21.7 పెరిగితే సెలైన్ వాళ్లకి 20.5 పెరిగాయి. అంటే ఇద్దరూ బాగుపడ్డారు, తేడా లేదు. 2014లో అమెరికాలో 230 మంది మోచేతి రోగులతో చేసినదాంట్లో మాత్రం 24 వారాలకి పీఆర్పీ వైపు నూటికి 84 మంది, అవతలివైపు 68 మంది మెరుగుపడ్డారు. 2021లో, వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కొక్రేన్ అనే సంస్థ, అప్పటిదాకా వచ్చిన మోచేతి ట్రయల్స్‌ని సమీక్షించి, చెప్పుకోదగ్గ లాభం కనపడలేదని తేల్చింది. అందుకని విశాఖ డాక్టర్లు మంచి మందు ఒకటి దాచిపెట్టి మీకు నీళ్లు పోస్తున్నారని అనుకోవద్దు. నీళ్లు పడొచ్చని చెప్పకుండా పోస్తే అది మోసం. మీకు ముందే చెప్పారు. అర్థమయ్యేలా చెప్పలేదు, అది వేరే తప్పు.

మీ ఆయన మాట కూడా నాకు కొరుకుడుపడలేదు. "ఊరికే వచ్చే వైద్యం" అన్నారు. ట్రయల్ వైద్యం కాదు. వైద్యంలో డాక్టరు మీ చెయ్యి చూసి, ఒకటి పనిచెయ్యకపోతే ఇంకొకటి మారుస్తారు. ట్రయల్లో ముందు రాసుకున్న పద్ధతి ప్రకారమే నడుస్తారు, ఎందుకంటే అక్కడ జవాబు కావలసింది ఒక ప్రశ్నకి. ఆ జవాబు మీకు ఉపయోగపడకపోవచ్చు, మీ తర్వాత వచ్చే ఇంకో హోటలావిడకి పడొచ్చు. బ్రిస్బేన్‌లో ఎవరో చెయ్యి చాచబట్టే కదా ఈరోజు నేను మీకు ఆ అంకెలు చెప్పగలుగుతున్నాను. అది తెలిసి వెళ్తే గొప్ప పనే. నొప్పి పోతుందన్న ఆశతోనే వెళ్తే, ఏడాది తర్వాత కవరు విప్పి "సెలైన్" అని చూసిన రోజున మీకు కోపం వస్తుంది.

ఊరికే అన్నారు కదా, ఆ లెక్కా చూద్దాం. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖలో దిగాలి. ఆసుపత్రిలో పని చూసుకుని అదే రోజు తిరిగొచ్చినా ఆ రోజు హోటల్ మూతే. ఆరుసార్లు. మీ ఒకరోజు బేరం 500 దాటుతుందో లేదో మీకే తెలుసు. పోయిన కూలి కూడా ఇవ్వడానికి మార్గదర్శకాల్లో వీలుంది, అడగండి, సిగ్గుపడొద్దు. ఇంకోటి, పీఆర్పీ వేశాక కొన్నాళ్లు నొప్పి పెరగడం మామూలే. ఆ రోజుల్లో బ్రూఫెన్ లాంటి బిళ్లలు సాధారణంగా వద్దంటారు. మీరేమో రోజూ బిళ్ల మీదే నడుస్తున్నారు. (అది ట్రయల్ ఉన్నా లేకపోయినా ఆలోచించాల్సిన విషయమే. అలాంటి బిళ్లలు నెలల తరబడి వేసుకుంటే కడుపుకీ కిడ్నీలకీ మంచిది కాదు.) మరి ఆ వారం టీ గిన్నె ఎవరెత్తుతారు? పోయేదేముంది అన్నవారే ఎత్తాలి. ఈ మాట ఆయనకి ముందుగానే చెప్పి ఉంచండి.

అత్తగారి భయాన్ని మాత్రం చాదస్తమని తీసెయ్యకండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, హాస్టళ్లలో చాలామంది పిల్లల తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపించారు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకాయే కారణమని విచారణలో తేలలేదు, కానీ అనుమతులు తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. పెద్దావిడ చెవిన పడింది అలాంటి సంగతే అయ్యుంటుంది. ఇలాంటివి జరిగాక, సుప్రీంకోర్టు కూడా కలగజేసుకున్నాక, నిబంధనలు బిగిశాయి.

ఇప్పుడు మీకున్న హక్కులేమిటంటే, కొత్త మందు మీద జరిగే ట్రయల్ అయితే 2019 మార్చిలో వచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. దానివల్ల దెబ్బ తగిలితే వైద్యం వాళ్లే చేయించాలి. ట్రయల్ వల్లనే శాశ్వతంగా చెయ్యి పడిపోయినా, ప్రాణం పోయినా నష్టపరిహారం ఇవ్వాలి. ఆసుపత్రి డాక్టర్లు తమంతట తాము చేసే పరిశోధన అయితే భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చూస్తారు. వాటిలోనూ హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఉన్నాయి. మీది ఏ రకమో అడగండి. సీటీఆర్ఐ నంబరు కూడా అడగండి. ట్రయల్స్‌ని దేశమంతటికీ ఉన్న ఆ రిజిస్ట్రీలో నమోదు చెయ్యడం 2009 జూన్ నుంచి తప్పనిసరైంది. నంబరిస్తే మీ పెద్దమ్మాయి ఫోన్లోనే చూసి చెప్పగలదు, ఎవరు చేస్తున్నారు, ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎవర్ని తీసుకోకూడదు అన్నవి అందులో ఉంటాయి. నంబరు చెప్పడానికి నసిగితే ఆ గుమ్మం దిగి వచ్చెయ్యండి.

కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది కూడా నిబంధనే. ఒడిశా నుంచి మనుషుల్ని తీసుకుంటున్నప్పుడు ఒడియాలో కాగితం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. లేదంటే ఎవరో ఒకరు కూర్చుని ప్రతి పేజీ మీ మాటల్లో చెప్పాలి. చదవలేనివాళ్లకైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండి అంతా విని సంతకం పెట్టాలి. మిమ్మల్ని తీసుకెళ్లిన మరిదిని అలాంటి సాక్షిగా పెట్టుకోకపోవడమే మంచిది.

ఇక ఆ "లేదండీ" సంగతి.

ఆ మాట మీరు అనలేదు. నాకు తెలుసు. కానీ కింద సంతకం మీరు పెడతారు. ఆరు నెలల ప్రశ్న వాళ్లు ఊసుపోక అడగరు. స్టెరాయిడ్ ప్రభావం ఇంకా తాడులో ఉండగా కొత్త ఇంజక్షన్ వేస్తే, మీకు వచ్చిన మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. 80 మందిలో ఒక్కరి లెక్క తప్పినా చిన్న విషయం కాదు, మీలాగే దాచినవాళ్లు ఇంకో నలుగురుంటే మొత్తం జవాబే వంకరపోతుంది. అది లోకం సంగతి. మీ సంగతి చూస్తే, స్టెరాయిడ్ తాడుని బలహీనపరుస్తుంది. దాని మీద ఇంకో సూది ఎప్పుడు, ఎక్కడ గుచ్చాలో నిర్ణయించే మనిషికి ఆ విషయం తెలియకుండా చెయ్యి చాచడం ఎంత మటుకు మంచిది? తర్వాత ఏదైనా తేడా చేస్తే, "మాకు చెప్పలేదు" అని వాదించడానికి వాళ్లకో కారణం మీ చేతులతో మీరే ఇచ్చినట్టవుతుంది. ఇవన్నీ తెలిసి కూడా మాట్లాడకుండా చేరొచ్చు, చేరినవాళ్లున్నారు. మీరు నాలుగు పేజీలు రాసిన తీరు చూస్తే, ఏడాది పాటు ఆరుసార్లు అదే ప్రశ్నని తప్పించుకోవడం మీ వల్ల అయ్యే పని కాదనిపిస్తోంది.

చెప్పారనుకోండి. "నాలుగు నెలలాగి రండి" అనొచ్చు, "మీకు కుదరదు" అని కూడా అనొచ్చు. తిట్టరు. ఇలాంటి ఫోన్లు వాళ్లకి అలవాటే. నాలుగు నెలలాగమంటే ఆ నాలుగు నెలలూ వ్యాయామం చెయ్యొచ్చు, నొప్పి సగానికి దిగితే అప్పుడు విశాఖ వెళ్లాలనే అనిపించకపోవచ్చు. దిగకపోతే, చోటు ఉంటే, నిజం చెప్పి చేరొచ్చు. చేరాక కూడా ఎప్పుడంటే అప్పుడు మానేసే హక్కు ఉంది, కారణం చెప్పక్కర్లేదు, దానివల్ల ఆ ఆసుపత్రిలో మీ మామూలు వైద్యం ఆగకూడదు. (చెప్పేటప్పుడే మీరు వేసుకునే బిళ్లలన్నీ చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈమధ్య వాడి ఉంటే అవి కూడా. అవి టెండన్లని దెబ్బతీస్తాయని 2008లోనే అమెరికాలో ఆ మందుల వివరాల కాగితంలో చుట్టూ నల్ల గీత గీసిన హెచ్చరిక పెట్టించారు.)

అసలు చేరకుండా ఊరుకోవడమూ ఒక దారే, దానికి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. ట్రయల్లో అందరికీ నేర్పుతామన్న వ్యాయామాలు బయట కూడా నేర్పుతారు. రాయగడలో ఫిజియోథెరపిస్టు దొరికితే అక్కడే, లేకపోతే ఒకసారి కొరాపుట్ మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో వెళ్లి నేర్చుకుని రావచ్చు. మా ఇంటి పక్కావిడకి నేర్పినది నేను చూశాను. బల్ల మీద ముంజేయి ఆనించి, అరచెయ్యి కిందికి, మణికట్టు బల్ల అంచు దాటి వేలాడేలా కూర్చోవాలి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, ఎడమ చేత్తో సాయం పట్టి పైకి లేపి, కుడి చేత్తో ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెట్టుకుంటూ మెల్లగా దించాలి. పైకెత్తడం కాదు, దించడమే అక్కడ మందు. ఆవిడకి మూడు నెలలు పట్టింది. మొదటి రెండు వారాలు నన్నూ ఆ ఫిజియో అబ్బాయినీ తిట్టుకుంటూ చేసింది. మీకు ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది చెయ్యి చూసినవాళ్లే చెప్పాలి, నన్ను నమ్ముకుని మొదలుపెట్టకండి. ఈ దారిలో కష్టం ఏమిటంటే ఇది నెమ్మది, రోజూ చెయ్యాలి, చేశారా అని ఫోన్ చేసి అడిగేవాళ్లుండరు. ట్రయల్లో అడుగుతారు. నిజానికి ట్రయల్లో చేరినవాళ్లు బాగుపడటానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

ట్రయల్ వద్దంటే అదే ఇంజక్షన్ డబ్బులిచ్చి బయట వేయించుకోవచ్చని మీ మరిది అన్న మాట కూడా రాశారు. వేయించుకోవచ్చు. ఉప్పునీళ్ల భయం ఉండదు. కానీ పనిచేస్తుందో లేదో తేలని దానికే వేలు పోసి కొంటున్నట్టు లెక్క. అప్పు తీరని ఇంట్లో నేనైతే ఆ పని ఆఖరున పెట్టుకుంటాను.

ఏ దారైనా, ఆ పెద్ద టీ గిన్నెని మాత్రం రేపే తీసెయ్యండి. దాని బదులు చిన్నవి రెండు పెట్టండి. పట్టకారుతో ఒంటి చేత్తో ఎత్తకుండా, చెవులున్న గిన్నె తీసుకుని, గుడ్డ పట్టుకుని రెండు చేతులతో, అరచేతులు పైకి ఉండేలా ఎత్తండి. గుడ్డ పిండే పని మీ ఆయనకో పెద్దమ్మాయికో అప్పగించండి.

మరిది విషయం అన్నిటికంటే నాజూకు. అతను చెడ్డవాడని నాకనిపించలేదు. వదిన చెయ్యి బాగుపడాలని తొందరపడి అనేశాడు. మనిషిని తెచ్చినందుకు అతనికేమైనా ముడుతుందా అని మీ ఆయన ఒక మాట అడగడంలో తప్పులేదు, అంతకంటే అక్కర్లేదు. జామీను ఉన్నాడు కాబట్టి చేతిలో సూది గుచ్చించుకోవాలన్న లెక్క ఏ అప్పు పత్రంలోనూ ఉండదు. అతన్ని తప్పుపట్టినట్టు కాకుండా, "ఆ రోజు నువ్వు కంగారులో అన్నావు బాబూ, నాకు భయంగా ఉంది, నేనే చెప్పేస్తాను, నీ పేరు రానివ్వను" అనొచ్చు. పేరు రాదు కూడా. ఫోన్లో మీరు చెప్పాల్సింది ఇంతే: "అప్పుడు సరిగ్గా చెప్పలేదండీ, రెండు నెలల కిందట మోచేతికి స్టెరాయిడ్ ఇంజక్షన్ తీసుకున్నాను." ముందే అతనికి చెప్పి చేస్తే రెండు రోజులు మొహం ముడుచుకుంటాడు. చెప్పకుండా చేసి, తర్వాత అతనికి ఎవరి ద్వారానో తెలిస్తే అది ఎక్కువ రోజులు పడుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది మీ ఇంటి సంగతులు తెలిసిన మీరే చూసుకోవాలి.

దేవుడి గూట్లోంచి ఆ కాగితాలు తీసి ఆఖరి పేజీ చూడండి. కింద రెండు నంబర్లుంటాయి, ఒకటి డాక్టరుది, ఒకటి ఎథిక్స్ కమిటీది. ఒడియా కాగితం కావాలని, సీటీఆర్ఐ నంబరు కావాలని, ఆ ఇంజక్షన్ మాట, మూడూ ఒకే ఫోన్లో అయిపోతాయి. మధ్యాహ్నం బేరం తగ్గాక చెయ్యండి. ఈసారి స్పీకర్ ఆపేసి.